గట్టు బాగు చేయించు

జూన్ 6

ఒరేయ్ తమ్ముడూ,

బాగున్నావా అని అడగను. నువ్వు బాగుండాలని ఈ రోజు నాకు లేదు.

నేను చెబుతున్నాను, దర్జీ రాస్తున్నాడు. మిషను ఆపించి, ఎవరిదో చొక్కా చేతులు అతకకుండానే పక్కన పడేయించి మరీ కూర్చోబెట్టాను. నా నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు రాయమన్నాను, తిట్లతో సహా. తిట్లు రాసేటప్పుడు దీర్ఘాలు తగ్గించవద్దని కూడా చెప్పాను.

"ఫోను చేయొచ్చు కదా పెద్దమ్మా" అంటున్నాడు. ఫోనులో అన్న మాట గాలికి పోతుంది. రేపు నువ్వు "నేనలా అనలేదక్కా" అంటావు. కాగితం మీద ఉంటే అనలేవు.

జరిగింది నీకు తెలుసు. అయినా నా నోటితో విను. గురువారం పొద్దున పాలు పితికి లేస్తున్నాను. పొలం వైపు నుంచి ఇనుము పళ్లు నూరుతున్నట్టు ఒకటే చప్పుడు. పరుగెత్తాను. ఈ మోకాళ్లతో ఎట్లా పరుగెత్తానో నాకే తెలియదు. పసుపుపచ్చ యంత్రం, దాని ముందు ఇనప చేట. మన ఇద్దరి పొలాల మధ్య గట్టు, తూర్పు కొస నుంచి సగం దాకా అప్పటికే లేదు.

"ఎవడు పంపాడురా నిన్ను?" అన్నాను.

యంత్రం నడిపేవాడు కిందికి కూడా దిగలేదు. "బస్సు కండక్టరు గారు. గట్టు బాగు చేయమన్నారు" అన్నాడు.

అడ్డంగా నిలబడ్డాను. "పక్కకు జరుగు అవ్వా, ముళ్లు గుచ్చుకుంటాయి" అన్నాడు. డెబ్బై ఏళ్లుగా ఆ ముళ్లలో తిరిగిన నాకు జాగ్రత్తలు చెబుతున్నాడు! ఇద్దరు మనుషులు నా రెక్కలు పట్టుకుని పక్కన కూర్చోబెట్టారు. అక్కడ కూర్చుని మొత్తం చూశాను. మధ్యాహ్నానికి గట్టు అరచేయిలా అయిపోయింది. కొట్టినదంతా కుప్ప వేసి అంటించారు. రెండు రోజులు పొగ.

అమ్మ పొలం రెండుగా పంచినప్పుడు ఏమంది? "భూమి చెరి సగం. గట్టు మాత్రం ఇద్దరిదీ, ఒకరిని అడగకుండా ఒకరు గడ్డపార వేయొద్దు" అంది. నువ్వు పక్కనే ఉన్నావు, బెల్లం ముక్క చప్పరిస్తూ.

ఆ గట్టులో ఏముండేదో నీకు మళ్లీ చెప్పాల్సి రావడం నాకే చిన్నతనంగా ఉంది. తూర్పు కొసన రేగు పొద కింద కౌజు పిట్టలు. నడిమధ్య మోడులో తలకాయ పట్టేంత తొర్ర, అందులో గుడ్లగూబల జంట. దాని వేళ్ల కింద ముంగిస. పడమట ఎండ తగిలే మట్టిలో పెన్సిలు దూరేంత బొరియలు, బొరియకు ఒక నల్ల ఈగ. పువ్వు మీద వాలి నడుము దాకా పసుపు పూసుకుని వచ్చేవే, అవి. నేను ఈ వయసు వరకు ఎలుకల మందు తెచ్చానా? పురుగుల మందు డబ్బా నా గడప తొక్కిందా? ఆ పనంతా ఎవరు చేసిపెట్టారనుకున్నావు?

కౌజు గుడ్లు ఏడు ఉండాలి. యంత్రం పోయాక వెతికాను. చేట పళ్లకు పెంకులు అంటుకుని ఉన్నాయని మోటారాయన చెప్పాడు. నీ మోటారు తిప్పే మనిషే, అడుగు.

నిన్ను అడిగేది ఒక్కటే. ఎందుకు చేశావు? జవాబు రాయి. ఏది రాసినా నేను ఊరుకోను, అది వేరే సంగతి. నీకు ఎంత మంట పెట్టాలో తెలుసుకోవడానికి అడుగుతున్నాను.

కింద నా వేలిముద్ర. గట్టిగా నొక్కాను. నా కోపం ఎంతో నీకు తెలియాలి, గాడిదా.

నీ అక్క

---

జూన్ 11

అక్కకు,

ఉత్తరం అందింది. డ్యూటీ దిగి, టికెట్ల సంచీ భుజం మీద నుంచి తీయకుండానే చదివాను. మీ మరదలు "ఏమైందండీ, ముఖం అట్లా పెట్టారు" అంది. నీ వేలిముద్ర ఉత్తరంలో ఆఖరి మాటను మింగేసింది. అక్కడ "గాడిదా" అని ఉండి ఉంటుందని ఊహించుకుని చదువుకున్నాను. తప్పయితే క్షమించు.

అక్కా, నీ కోపం నాకు అర్థం కావడం లేదు. నువ్వు చెప్పిందే కదా చేశాను? మే నెలలో నువ్వు పంపిన కార్డు అద్దం వెనక దోపి పెట్టుకున్నాను. "వానలకు గట్టు పాడైపోయింది, బాగు చేయించు" అని ఉంది. బాగు చేయించాను. కొండవార ఎకరం బాగు చేశానని నాన్న ఎన్నిసార్లు చెప్పుకునేవాడు! తుప్పలు కొట్టే కదా ఆయన బాగు చేసింది? నువ్వు అడగక అడగక ఒక పని అడిగావని, యంత్రం మనిషి వెంట పది రోజులు తిరిగి పంపించాను. నువ్వు సంతోషిస్తావనుకున్నాను.

అసలు సంగతి నాకు తెలిసింది. యంత్రం నీ వైపు రెండడుగులు లోపలికి వచ్చిందని నడిపినతను ఫోనులో ఒప్పుకున్నాడు. నీ కోపం దానికే అయితే ఆ రెండడుగులూ నా వైపు నుంచి నువ్వే కలుపుకో. కాగితం కావాలంటే రాసిస్తాను. తోబుట్టువుల మధ్య రెండడుగులు ఎంత?

నేను ఈసారి పొద్దుతిరుగుడు వేయిస్తున్నాను. వచ్చే ఏడు ఈ ఉద్యోగం అయిపోతుంది. పట్నం వదిలి వచ్చేద్దామంటే మీ మరదలు పట్టుబట్టి కూర్చుంది. "ముప్పై ఏళ్లు టికెట్లు చింపిన చెయ్యి, ముందు ఒక్క పంట పండించి చూపించండి, అప్పుడు పెట్టె సర్దుతాను" అంటోంది. కాబట్టి ఈ పంట నాకు పరీక్ష. కాస్త చూస్తూ ఉండు.

మోకాళ్లు జాగ్రత్త. పరుగెత్తకు.

నీ తమ్ముడు

---

జూన్ 15

ఒరేయ్,

రెండడుగులా! నా ముఖాన రెండడుగులు విసురుతున్నావా? శవం పక్కన కూర్చుని ఏడుస్తున్నదానికి చెప్పులు పోయాయేమో అనుకుని కొత్త చెప్పులు కొనిస్తానన్నట్టుంది నీ వరస.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాను. దర్జీ, ఇది లావు అక్షరాలతో రాయి. మే నెల కార్డులో నేను రెండు మాటలు చెప్పాను. ఒకటి, గట్టు బాగు చేయించు. రెండు, పొదలు ముట్టుకోవద్దు. పడమటి మూల వానకు గండి పడింది. నీళ్లన్నీ నీ చేలోకే పోతున్నాయి కదా, నాలుగు గంపల మట్టి వేయించమని దాని అర్థం. గట్టుకు జబ్బు చేస్తే బాగు చేయించమన్నాను. నువ్వు గొంతు కోయించావు. మనిషిని ఆస్పత్రికి పంపి బాగు చేయించమంటే ఇట్లాగే చేయిస్తావా?

"పొదలు ముట్టుకోవద్దు" అన్న మాట చూడనట్టు నటిస్తున్నావు. నాకు చదువు రాదు, కార్డు నీ దగ్గరుంది, ఇక అందులో ఏముందంటే అదే ఉందని అనుకుంటుందిలే ముసల్ది అనుకున్నావు. నాకు ఒళ్లు మండింది అక్కడే. గట్టు కొట్టించినందుకు కాదు, ఇందుకు. రాసినవాడు నా పక్కనే ఉన్నాడు. రాశావా లేదా అని నిలదీశాను. కత్తెర మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు.

(రాశాను. నాకు బాగా గుర్తు. కార్డు అడుగున చోటు చాలక అక్షరాలు చిన్నవి చేసి ఇరికించాను. - దర్జీ)

చూశావా? ఇప్పుడు విను, ఇక్కడ ఏం జరుగుతోందో. గుడ్లగూబలు రెండూ కరెంటు స్తంభం మీద కూర్చుని, మోడు ఉన్న చోటు వైపే మూడు రోజులు చూశాయి. నాలుగో రోజు ఒక్కటే ఉంది. ముంగిస పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని నా గడ్డివామి కిందికి తెచ్చుకుంది. దానికి తెలుసు ఎవరి దగ్గరికి వెళ్లాలో.

నేనూ ఒక పని చేశాను. నా వైపు, ఆ చదును పక్కనే, ఆరు సాళ్లు దున్నకుండా వదిలేశాను. జొన్న వేయను, కలుపు తీయను, పశువును తోలను. ఏది మొలిస్తే అది మొలవనీ. కాలుతున్న కుప్పలోంచి లాగిన రేగు వేర్లు రెండు అక్కడే పాతాను. పిట్టలు వాలడానికి ఎండుకొమ్మలు గుచ్చాను. మోటారాయన చూసి, "ఏంటవ్వా, పొలాన్ని పాడు పెడుతున్నావు?" అన్నాడు. "పాడు కాదు, పగ" అన్నాను.

నీ మీద పగే. నువ్వు తరిమినవన్నీ నా వైపుకే రావాలి. నీ చేలో ఒక్క రెక్క వాలకూడదు. పురుగు పడితే నువ్వే ఏరుకో. ఎలుక పడితే నువ్వే కాపలా కూర్చో. నేను చూసి నవ్వుతాను.

నీ అక్కననే సంగతి గుర్తుంటే

---

జూన్ 21

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కార్డు అద్దం వెనక నుంచి తీసి నా ముందు పెట్టుకునే రాస్తున్నాను. బాగు చేయించు అని ఉంది. ఆ తర్వాత నీ వేలిముద్ర, దాని కింద ఒక సిరా మరక. అంతే. ఇంకే మాటా లేదు. మీ మరదలికి చూపించాను, పక్కింటి గుమాస్తాకు చూపించాను. వాళ్లూ అదే చదివారు.

నేను అబద్ధం ఆడానని రాశావు. ముప్పై ఏళ్లలో ఒక్క టికెట్టు డబ్బు జేబులో వేసుకోని వాణ్ణి. చెకింగు ఆయన కూడా నన్ను అంత మాట అనలేదు.

దర్జీ ఒట్టు వేస్తే వేశాడు. రోజుకు ఎన్ని గుండీలు కుట్టానో కూడా గుర్తుండని మనిషికి నెల కిందటి వాక్యం గుర్తుందా? లేకపోతే, కోపం తెచ్చుకోకు, నువ్వు మనసులో అనుకుని పైకి చెప్పడం మరిచిపోయావేమో. వయసు మీద పడ్డాక ఇది అందరికీ జరిగేదే. ఇక్కడ ఒక మంచి డాక్టరు ఉన్నాడు. సెలవు దొరికితే వచ్చి తీసుకువెళ్తాను.

విత్తనం పడింది. కింది సగం నిన్న, పై సగానికి విత్తనం చాలక రెండు వారాలు ఆగి వేస్తారట.

నీ తమ్ముడు

---

ఆగస్టు 2

అక్కా,

నెల దాటింది, నీ దగ్గర నుంచి ఒక్క అక్షరం లేదు. డాక్టరు మాట అన్నందుకే అయితే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పంట నడుము ఎత్తు వచ్చిందని, కింది సగం మొగ్గ వేసిందని మోటారాయన చెప్పాడు. మీ మరదలికి ఫోటో చూపించాను. అటక మీద నుంచి పెద్ద ట్రంకు పెట్టె దింపి దుమ్ము దులిపింది. నాకది చాలు.

ఒక చిక్కు. ఈగల జాడ లేదంటున్నాడు మోటారాయన. ఈగ వాలకపోతే పొద్దుతిరుగుడు గింజ పట్టదట, అంతా తాలు పోతుందట. ఇంత కాలం ఆ సంగతి ఎవరూ ఎందుకు అనుకోలేదో! అందుకని తేనెపెట్టెలాయనను మాట్లాడాను. ఇరవై పెట్టెలు తెచ్చి పూత ఉన్నన్నాళ్లూ చేలో పెడతాడు. చేలోకి దారి నీ పొలం మీదుగానే కదా. పదో తేదీన వస్తాడు. కాస్త దారి చూపించు అక్కా. నీకు నా మీద ఎంత కోపం ఉన్నా ఈ ఒక్కటి చేయి.

నీ తమ్ముడు

---

ఆగస్టు 12

కండక్టరు గారికి,

చూపించాను. వెనక్కి పోయే దారి.

మొన్న పొద్దున్నే వచ్చాడు నీ పెట్టెలాయన. చిన్న లారీ, దాని మీద పెట్టెలు, పెట్టెల మీద తడిగోనెలు. నేను అరుగు మీద కూర్చుని అతని కోసమే చూస్తున్నాను. తల కూడా దువ్వుకున్నాను, పిచ్చిదాన్ని అనుకోకుండా.

"కండక్టరు గారి చేను ఎటమ్మా?" అన్నాడు. మర్యాదస్తుడు.

"అదిగో, ఆ పచ్చటిదే. ఎన్ని పెట్టెలు నాయనా?"

"ఇరవై."

"ఇరవై పెట్టెల ఈగల్నీ ఒకేసారి చంపుకోవాలని ఎందుకనిపించింది?"

అతని ముఖం చూడాల్సింది. "అదేంటమ్మా?" అన్నాడు.

"పూత మీద మందు కొడుతున్నారు. నిన్న సాయంత్రం కూడా కొట్టారు."

గాలి పీల్చి చూశాడు. "వాసన రావడం లేదే?"

"వాసన లేనిది. కొత్తగా వచ్చింది."

అతను నన్ను చూశాడు, చేను చూశాడు, చదును చేసిన గట్టు వైపు చూశాడు. "గట్టు మీద గడ్డి పరక కూడా లేదు. ఇట్లాంటి వాళ్లు మందు కొట్టకుండా ఉంటారా" అని తనలో తనే అనుకుని, లారీ వెనక్కి తిప్పాడు. పోతూ పోతూ "మంచి మాట చెప్పావమ్మా, నా కొంప నిలబెట్టావు" అని దండం కూడా పెట్టాడు.

అబద్ధం చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఆడిన మొదటి అబద్ధం ఇది, తడుముకోకుండా ఆడాను. నువ్వు కార్డు మీద ఆడావు, నేను చేను మీద ఆడాను. చెల్లుకు చెల్లు. దాచిపెట్టి చేయడం నాకు చేతకాదు, అందుకే రాయిస్తున్నాను. ఎవరు కొట్టారో తెలియని దెబ్బ దెబ్బ కాదు. దర్జీ రాయనని మొరాయించాడు. "పెద్దమ్మా, ఇది మాత్రం వద్దు" అన్నాడు. ఆ సూది తెచ్చి నీ నోరు కుట్టేస్తానన్నాను.

నీ చేను బ్రహ్మాండంగా ఉంది. కింది సగం అంతా విచ్చుకుంది. దారిన పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం చెవి పెట్టి విన్నాను. చప్పుడే లేదు. అంత పువ్వు, రొద లేదు. పెళ్లిపందిరి వేసి జనాన్ని పిలవనట్టుంది. మందారం అంత పువ్వు కనబడితే చాలు గుంపుగా మూగే నల్ల ఈగల బొరియల మీద నువ్వే కదా యంత్రం ఎక్కించావు.

మధ్యలోకి వెళ్లి ఒక పువ్వు వంచి, ముందుగా విచ్చుకున్న అంచున గింజలు గోటితో చిదిమాను. పొట్టు. ఇంకొకటి. పొట్టు. చేను నిండా పొట్టు కాస్తున్నావు తమ్ముడూ. గాలి వీస్తే ఎగిరిపోయేంత పంట.

పై సగం ఇంకా మొగ్గలోనే ఉంది. దానికీ ఇదే గతి. ట్రంకు పెట్టె మళ్లీ అటక ఎక్కించమని మరదలికి చెప్పు. డాక్టరు దగ్గరికి నువ్వే వెళ్లు.

ఇక మన ఇద్దరికీ గట్టు లేదు. ఇటు నేను, అటు నువ్వు.

నీకు ఏమీ కానిది

---

ఆగస్టు 17

మీకు,

అక్కా అని రాయబోయి కొట్టేశాను.

మీ ఉత్తరం నేను పైకి చదివాను, మీ మరదలు వింది. వెళ్లి ట్రంకు పెట్టెలో పెట్టిన దుప్పట్లు ఒక్కొక్కటీ బయటికి తీసి మళ్లీ బీరువాలో పెట్టుకుంది. అది చూస్తూ కూర్చున్నాను.

పెట్టెలాయనకు ఫోను చేశాను. పెట్టెలు వేరే ఊళ్లో దించేశాడట, ఇప్పుడు కదిలిస్తే ఈగలు చెదిరిపోతాయట. పైగా, మందు కొట్టి ఈగల్ని పిలుస్తావా అని నన్నే తిట్టాడు.

చిన్నప్పుడు నాన్న బెత్తం పట్టుకుంటే మీరు నన్ను ఆ గట్టు పొదల్లోనే దాచేవారు. ముళ్లకు మీ చేతులు గీరుకుపోయేవి. ఆ గట్టు మీద నాకు ప్రేమ లేదనుకున్నారా? కొట్టించమన్నారని నమ్మి కొట్టించాను. కారణం అడగలేదు, అదే నా తప్పు. మీ మాటకు కారణం అడగడం నాకు అలవాటు లేదు.

మీ కార్డు ఇందులో పెట్టి పంపుతున్నాను. దర్జీ చేత వద్దు. చదువు వచ్చిన ఇంకెవరి చేతనైనా చదివించుకోండి. అందులో పొదల మాట ఉంటే, నా పొలం కూడా మీరే తీసుకోండి. లేకపోతే నేను అబద్ధాలకోరును కాదని ఒక్క ముక్క రాయించండి. ఆ తర్వాత మీకు నేను ఏమీ రాయను.

ఇట్లు

---

ఆగస్టు 26

తమ్ముడూ,

దర్జీ రాస్తున్నాడు. రాశాక తపాలా అమ్మాయి మొత్తం పైకి చదువుతుంది. ఆ తర్వాతే కవరులో పెడతాం. ఇక నుంచి ఇదే పద్ధతి.

నీ ఉత్తరం ఆ అమ్మాయే తెచ్చింది. కవరు విప్పగానే కార్డు జారి నా ఒళ్లో పడింది. అక్షరాలు నాకు తెలియవు కానీ నా వేలు నాకు తెలుసు, కొడవలి గాటు అడ్డంగా ఉంటుంది. నా ముద్ర నా దగ్గరికే తిరిగి వచ్చిందేమిటి అనుకున్నాను. సైకిలు దిగి చదవమన్నాను.

"వానలకు గట్టు పాడైపోయింది, బాగు చేయించు" అని చదివి ఆగింది.

"ఆగుతావేం? పొదలు ముట్టుకోవద్దు అని ఉంటుంది, చదువు."

"లేదవ్వా. తర్వాత నీ ముద్రే."

దర్జీ పీక పట్టుకుందామని లేచాను. ఆ అమ్మాయి, "ఉండవ్వా, ముద్ర కింద ఏదో తోక ఉంది" అంది. నువ్వు సిరా మరక అని రాశావే, అది. "ఇది మరక కాదు, ద వత్తు. వద్దు అన్న మాటలో కిందికి వేలాడేది" అంది. కార్డు ఎండకు పట్టి చూసింది. నా ముద్ర మరీ చిక్కగా పడింది, ఏమీ కనబడలేదు. అప్పుడు కార్డు వెనక్కి తిప్పి నా వేలు పట్టుకుని దాని మీద పెట్టింది. దర్జీ పెన్నును సూదిలా నొక్కి రాస్తాడు కదా. వెనక వైపు గీతలు గీతలుగా ఉబ్బి ఉంది. ఒక వరుస మొత్తం. నా ముద్ర ఎక్కడుందో సరిగ్గా దాని వెనకే.

చదువు రాని వేలికి అప్పుడు తెలిసింది.

దర్జీ రాశాడు. నువ్వు చదివిందీ నిజమే. మధ్యలో నేను నొక్కాను. నా మాటను నేనే, నా వేలితోనే తుడిచేశాను. గట్టిగా నొక్కడం నాకు గొప్ప. ఉత్తరం అందుకున్నవాడికి అక్క చెయ్యి తగిలినట్టు ఉండాలని నా తాపత్రయం.

నువ్వు అబద్ధాలకోరువు కాదు. ఇది ఇద్దరి ముందూ చెప్పి రాయిస్తున్నాను. మరదలికి చదివి వినిపించు.

క్షమించమని అడగను. అది నా నోటికి రాదు, దర్జీ తన సొంతంగా రాస్తానన్నా రాయనివ్వను. నాకు పగ పట్టడమే వచ్చు. మూడు నెలలుగా పెంచిన పగ, ఇప్పుడు దాన్ని ఎక్కడికి తోలను? ఎవరి మీద పట్టాలో తెలిసింది, వాళ్ల మీదే పట్టాను. ఈ వేలికి శిక్ష వేశాను.

అదేమిటంటే, నీ పై సగం మొన్నటి నుంచి విచ్చుకుంటోంది. పెట్టెలాయన దగ్గరికి బస్సెక్కి వెళ్లాను, అబద్ధం చెప్పానని ముఖం మీదే చెప్పాను. "ముసలమ్మవు కాబట్టి సరిపోయింది" అన్నాడు. కాకపోతే ఏం చేసేవాడివని అడిగాను. నవ్వి, ఈగ చేసే పని చేత్తో ఎట్లా చేయాలో చూపించాడు. మెత్తటి మల్లు గుడ్డ చేతికి చుట్టుకోవాలి. మంచు ఆరాక, ఎండ ముదరక ముందు, ఒక పువ్వు మీద మెల్లగా రాసి, పుప్పొడి అంటిన ఆ గుడ్డతోనే పక్క పువ్వు మీద రాయాలి. రోజు విడిచి రోజు, పూత అయ్యేదాకా. గట్టిగా నొక్కితే పువ్వు పాడవుతుందట. నొక్కకూడదట! విన్నావా? సరిగ్గా నాకు తగిన శిక్షే.

దర్జీ మల్లు గుడ్డతో చేతికి తొడుగులు కుట్టాడు, బొటనవేలికి వేరే సంచీతో. అతన్ని అనుమానించినందుకు అతనికి నేనేం చేయాలో చెప్పమంటే, "నువ్వు మాట్లాడకుండా ఒక పూట ఉండు పెద్దమ్మా" అన్నాడు. ఉండలేకపోయాను. అందుకని అతన్నీ చేలోకి లాక్కుపోయాను. అతనొక వరస, మోటారాయన ఒక వరస, నేనొక వరస. నిన్నటికి సగం తిరిగాం. నడుము విరిగిపోతోంది. ఈగకు ఎంత పనో నాకు ఇప్పుడు తెలిసింది. మళ్లీ ఎవరైనా ఒక పొద జోలికి వస్తే చేతులు విరిచేస్తాను, నువ్వయినా సరే.

కింది సగం పోయింది. అది నేను చేసిన పని, తుడిస్తే పోదు. కానీ ఒకటి చెప్పాలి. నిన్న కోతకు ముందే చూద్దామని నా ఆరు సాళ్లను ఆనుకుని ఉన్న నీ వరసల్లో పువ్వులు వంచి చిదిమాను. గింజ! పాలు గారే గింజ, పువ్వు నిండా. నాలుగు వరసల దాకా అట్లాగే ఉంది. నా బీడులో పేరు తెలియని పిచ్చిపూలు పూశాయి కదా, వాటి కోసం నల్ల ఈగలు తిరిగి వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే నీ వైపుకూ పోయాయి. నీ మీద పగతో పెంచాను ఆ ఆరు సాళ్లను. ఒక్క రెక్క వాలనివ్వనన్నాను. నా ఎదురుగానే వాలాయి. నా మాట లెక్కే చేయలేదు.

గుడ్లగూబ ఒక్కటి ఇంకా స్తంభం మీదే ఉంది. దానికి తొర్ర కావాలి. తొర్ర కావాలంటే ముందు చెట్టు కావాలి. నేను అంతకాలం ఉండను. కాబట్టి అందాకా పెట్టమని పెట్టెలాయన ఒక పాత తేనెపెట్టె ఇచ్చాడు. మోటారాయన దానికి తలకాయ పట్టేంత కన్నం పెట్టి స్తంభానికి కట్టాడు. నిన్న సాయంత్రం అది పెట్టె వైపు మెడ తిప్పి చూసింది. లోపలికి పోలేదు. దానికీ కోపం ఉంటుంది, ఉండనీ.

నువ్వు సెలవు పెట్టి రావాలి. యంత్రం తేవద్దు. నీ చేతులు తెచ్చుకో. పడమటి గండికి నాలుగు గంపల మట్టి వేయి. ఆ తర్వాత గట్టు పొడవునా రేగు పిలకలు నాటాలి, నేను పెంచి ఉంచాను. ముళ్లు గుచ్చుకుంటాయి. ఈసారి నీ చేతులు గీరుకోవాలి. మరదల్ని తీసుకురా. ట్రంకు పెట్టె లేకుండానే రమ్మను, ఒక చేతిసంచీ చాలు. పై సగం పండితే ఆమే చూస్తుంది. ఎండిపోతే నన్ను నా ముందే తిట్టుకోవచ్చు, ఉత్తరాల దాకా ఎందుకు.

నీ పొలం నాకు అక్కర్లేదు. గట్టు మాత్రం ఇద్దరిదీ.

ఈ కాగితం మీద నా వేలిముద్ర వేయడం లేదు. కవరు వెనక వేస్తాను. అక్కడ ఒక్క అక్షరం కూడా లేదని తపాలా అమ్మాయి రెండుసార్లు చూసి చెప్పింది. అయినా మెల్లగానే వేస్తాను.

నీ అక్క